కెమెల్లియా కింద

"ఇవాళ కూడా వద్దంటే ఊరుకోను నాన్నా. ఇలా ఇవ్వు," అంటూ బెంచీ మీద కూర్చున్న తండ్రి డెంజిల్ ఒడిలోంచి మోర్వెన్నా డబ్బా లాక్కుంది.

అందులో తల్లి లవ్‌డే అస్థికలున్నాయి. ప్రతి రుతువులోనూ ముగ్గురూ కలిసి తిరిగిన ఈ పాతకాలపు అడవితోటలోనే చల్లమని ఆమె చెప్పిపోయింది. ఆకులు రాలేటప్పుడు వస్తే గాలి ఎక్కువన్నాడు డెంజిల్. చలికాలంలో వస్తే బురదన్నాడు. ఇప్పుడు చెట్ల కింద నేలంతా నీలిగంటల పూలు.

"పూలు తొక్కకూడదే. తోటమాలి చూస్తే తిడతాడు," అన్నాడాయన.

"తిట్టనీ." ఆమె మూత తీసింది. బూడిదలో సగం కాలిన అగ్గిపుల్ల కనిపించింది.

"నాన్నా, ఇది అమ్మ కాదు."

"మన పొయ్యిలోది." డెంజిల్ తల దించుకున్నాడు. "దహనశాల వాళ్లు మీ అమ్మని చేతికిచ్చిన మర్నాడే బస్సెక్కి వచ్చి, ఆ కెమెల్లియా పూలచెట్టు కింద పోసేశాను. మీ అమ్మకి ఎదురుచూడ్డం గిట్టదుగా."

"మరి ఇన్నిసార్లు నన్ను ప్లిమత్ నుంచి ఎందుకు రప్పించావు?"

"పని అయిపోయిందంటే నువ్వింక రావుగా, అమ్మడూ."

నిజమే. తల్లి పోయాక ఆమె ఈ పని మీద తప్ప తండ్రి గడప తొక్కిందే లేదు. వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"వేసవికి ఏం సాకు అనుకున్నావు?" అని అడిగింది.

"జనం ఎక్కువగా ఉంటారని."

"ఉంటారు మరి," అంటూ మోర్వెన్నా మూత బిగించి, డబ్బాను మళ్లీ ఆయన ఒడిలో పెట్టింది.