కొర్రగంజి వైద్యం

ధర్మవరం పట్టుచీరల వ్యాపారి చంద్రమోహన్ చక్కెర జబ్బు మాత్రలు మానేసి, మూడు పూటలా కొర్రగంజే తాగసాగాడు. ఒళ్లూ తగ్గుతుంది, జబ్బూ పోతుందని నమ్మాడు.

కొన్నాళ్లకు కాలికి లేచిన పుండు నల్లబడేసరికి భార్య పద్మజ భయపడిపోయింది. "ఆస్పత్రికి పోదాం పాండి."

"లోపలి విషమంతా బయటికి పోతాండాది. గంజి పనిచేస్తాండాదిలే. ఊరికే ఉండు."

అతను జ్వరంతో స్పృహ తప్పాకే ఆమె అనంతపురం తీసుకుపోగలిగింది. డాక్టర్లు మోకాలి పైదాకా కాలు తీసేశారు. గుడ్డలో చుట్టి ఇచ్చిన ఆ కాలును పద్మజే పూడ్చివచ్చింది.

అతను లేచి కూర్చున్న రోజు నర్సు బరువు చూసింది. చంద్రమోహన్ మొహం వెలిగిపోయింది.

"చూసినావా, తొమ్మిది కిలోలు తగ్గినా. గంజి మానేదే లేదు. నీకూ ఒళ్లు ఎక్కువైంది, రేపట్నుంచి నువ్వూ తాగు."