ఆరింటికి స్పెయిన్‌లో

"మళ్ళా వచ్చినాడే నీ ఎర్ర టోపీవోడు!"

ఉల్లిపాయలు తరిగే కత్తి చేతిలో అలాగే ఉండగా ఖైరున్‌బీ వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. హాల్లో ఆ ఇంటి పనిపిల్ల షైని సైకిల్ తొక్కుతోంది. చక్రాలు లేని సైకిలు అది. తొక్కుతూంటే ముందున్న తెర మీద స్పెయిన్ పల్లెలు కదులుతాయి. రాళ్ళు పరిచిన సన్నటి సందులు, పాతకాలపు కోటగోడ, గంట గోపురం మీద గూడు కట్టుకున్న కొంగలు. ఊరు దాటితే, ఇంటి యజమానురాలు మామా ఇష్టంగా తినే జైతూన్, అదే ఆలివ్ కాయల తోటలు. దారిలో కనిపించే సైకిళ్ళవాళ్ళు మాత్రం ఉత్త బొమ్మలు కాదు. ఎక్కడెక్కడో ఇలాంటి సైకిళ్ళే తొక్కుతున్న నిజం మనుషులు.

"నావాడేంటి ఖాలా? దారి అందరిదీ కదా," అంది షైని నవ్వు ఆపుకుంటూ.

"అందరిదైతే నీ పక్కనే ఏల పోతాడు? నువ్వు నిదానిస్తే వాడూ నిదానిస్తాడు. నువ్వు నీళ్ళు తాగను ఆగితే బావి కాడ కాచుకోనుంటాడు. నాకు కండ్లు లేవనుకున్యావా?"

తెర మీద ఎర్ర టోపీ టింగ్ టింగ్ టింగ్‌మని మూడుసార్లు గంట కొట్టింది. షైని రెండుసార్లు కొట్టింది. చెమట కారుతున్న ముఖమంతా వెలిగిపోయింది. బొమ్మ తల మీద పేరేదో ఇంగ్లీషులో ఉంది. ఖైరున్‌బీకి ఆ అక్షరాలు రావు.

నిజానికి తొక్కవలసింది మామా. మోకాళ్ళకు మంచిదని లండన్‌లో ఉన్న కూతురు కొనిపెట్టింది. రోజూ పది కిలోమీటర్లు అయ్యాయో లేదో అక్కడి నుంచే చూసుకుంటుంది. మామా ఒక్కరోజు ఎక్కి, దిగి, "షైనీ, యల్లా!" అంది, ఇక నువ్వు కానియ్ అన్నట్టు. అప్పటి నుంచి మామా పేరు మీద షైనియే స్పెయిన్ తిరుగుతోంది. దాన్ని బిగించడానికి మనుషులు వచ్చిన రోజు ఖైరున్‌బీ మామాతో ఆస్పత్రిలో ఉండిపోయింది. ఇంట్లో ఉంటే ఈ దయ్యప్పెట్టెను గుమ్మంలోనే ఆపేది.

షైనికి పెళ్ళయి ఎనిమిది నెలలు. మొగుడు జోనాథన్ అల్ రాయ్‌లో ఏదో కసరత్తు యంత్రాల షోరూమ్‌లో సామాను మోస్తాడు, బిగిస్తాడు. వీళ్ళుండే ముబారక్ అల్ కబీర్ నుంచి అక్కడికి కారులో అరగంట. అయినా ఖైరున్‌బీ ఎరిగినంతలో, ఈ అరబ్బు దేశం వచ్చాక ఇద్దరూ కలిసింది ఒక్కసారే, క్రిస్మస్‌కి, చర్చి మెట్ల మీద.

ఆ ఇంట్లో పనివాళ్ళ ఫోన్లు మామా బీరువాలో ఉంటాయి. శుక్రవారం సాయంత్రం ఓ గంట బయటికొస్తాయి. మొదట్లో షైని ఆ గంటంతా దుప్పటి ముసుగేసుకుని మొగుడితో మాట్లాడేది, ఏడ్చేది. సైకిల్ వచ్చాక అంతా మారిపోయింది. "తిన్నావా? ఆఁ, తిన్నాను. సరే, ఉంటా." మూడు నిమిషాలు.

ఫోన్‌లో మాటలు తగ్గడమంటే ఏమిటో ఖైరున్‌బీకి ఒకరు చెప్పనక్కర్లేదు. ఆమె రాయచోటి నుంచి వచ్చిన ఏడాది మొగుడు అల్లాబకష్ గంటసేపు మాట్లాడేవాడు. మరుసటి ఏడు పది నిమిషాలు. ఆ తర్వాత రెండు. ఆ తర్వాత అతని కొత్త భార్య ఫోనెత్తింది. అందుకే తెర మీద ఆ ఊళ్ళను చూస్తే ఖైరున్‌బీకి గుండె బరువెక్కుతుంది. అన్ని ఇళ్ళున్నాయి, ఒక్క కిటికీలోనూ మనిషి లేడు.

"ఈ దారి యాడ అయిపోతాదే?" అంది.

"సముద్రం దగ్గర ఖాలా. ఇంకా చాలా ఉంది. అది అయ్యేసరికి మేమిద్దరం వెళ్ళిపోతాం."

"ఇద్దరమా? ఎవురెవురు?"

షైని నాలిక కరుచుకుంది. "ఏం లేదు ఖాలా. నీ నోట్లో మాట ఆగదు. మామా చెవిన పడిందంటే నన్ను దీని దరిదాపులకు రానివ్వదు. నా తల్లివి కదూ!"

ఖైరున్‌బీ ఆ పూట ఉల్లిపాయలు తరగకుండానే ఏడ్చింది. మామాకు చెప్తే పిల్లను విమానం ఎక్కించేస్తుంది. చెప్పకపోతే ఎవడో ముక్కూమొహం తెలీనివాడు ఎగరేసుకుపోతాడు. చెప్పవలసినవాడు ఒక్కడే.

శుక్రవారం వచ్చింది. షైని మూడు నిమిషాలు మాట్లాడి, ఫోన్ ఖైరున్‌బీ చేతిలో పెట్టి, ఆరు కొట్టేసరికి సైకిలెక్కింది. ఖైరున్‌బీ బీరువా వైపు నడిచి, సగంలో తిరిగి, సామాన్ల గదిలో దూరింది. తలుపు కాస్త తెరిచి ఉంచింది. ఇందాకటి నంబరే మళ్ళీ నొక్కింది.

"షైనీ? ఏమైంది? ఫోనెందుకు చేశావు?" అవతల గొంతు రొప్పుతోంది.

"షైని కాదబ్బీ. నేను ఖైరున్ ఖాలాని. దాంతోపాటు ఈ ఇంట్లోనే వంట చేస్తా."

"నమస్తే అండి. తను బానే ఉందాండి?"

"బాగుంది, బాగుంది. శానా బాగుంది. అదే నా బాధ. అబ్బీ, నా కడుపున పుట్టినోడివనుకోని చెప్తాండా. నీ పెండ్లాన్ని తీసుకోని పో. ఖైతాన్‌లో ఒక చిన్న గది చూడు, నీకు వీసా ఇచ్చిన కఫీల్ కాళ్ళు పట్టుకో, ఏమన్నా చెయ్. ఈడ ఎవుడో ఎర్ర టోపీ పెట్టుకున్యోడు రోజూ ఆరింటికి దాని ఎంబడి పడతాండాడు. ఇదీ నవ్వుతాంది. గంటలు కొట్టుకుంటాండారు. ఇద్దరం పోతాం అంటాంది. ఫోన్‌లో నీతో మాట్లాడేది ఎట్ల తగ్గిపోయిందో చూసినావు కదా? ఇంటాండావా?"

అవతల రొప్పు మెల్లగా నెమ్మదించింది.

ఖైరున్‌బీ తలుపు సందులోంచి చూసింది. తెర మీద రాతివంతెన. షైని వంతెన దాటి, వెనక్కి చూస్తూ రెండుసార్లు గంట కొట్టింది. జవాబు లేదు. మళ్ళీ కొట్టింది.

"ఇదో, ఇప్పుడు గూడా ఆడనే ఉండాడు సైతానుగాడు! వంతెన నడిమధ్యన ఆగినాడు!"

అవతల గొంతు సర్దుకున్న చప్పుడైంది.

"ఆగింది నేనేనండి, ఖాలా."