కాఫీ ప్రెస్సు

గాజు కూజాలో కాఫీపొడిని కిందికి నొక్కే ప్లంజరు ఒక్క ఊపున అడుక్కి దిగిపోయింది. వేడి కాఫీ మూతి దాటి గోడ మీదికి చిమ్మింది.

క్రేనాయన భార్య చెయ్యి విదిలించుకుని, "నువ్వూ నా మీదే పడ్డావూ?" అంది కూజాతో.

మిగిలినది గ్లాసులో పోసింది. నలుసులు తేలుతున్నాయి. అయినా తీసుకెళ్ళి గది తలుపు తోసింది.

భర్త ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేశాడు.

"ఎలా ఉంది?"

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

కంపెనీ యార్డులో ఆయన నడిపే క్రేను మీదనుంచి బరువు జారిపడి ఒక కూలీ కాలు నుజ్జయిన రోజు నుంచి ఆయన వరస ఇదే. క్యాబిన్‌లో కునుకు తీశాడని కంపెనీ అంటోంది. బ్రేకు అరిగిపోయిందని ఆయన ముందే మొత్తుకున్న సంగతి ఆమెకు తెలుసు. సోమవారం విచారణ. అక్కడా ఇలాగే నోరు కుట్టుకుని కూర్చుంటే ఉద్యోగం పోవడం ఒక ఎత్తు, ఒకడి కాలు తీసిన నింద నెత్తిన మిగిలిపోవడం ఒక ఎత్తు.

జనం తిట్లు పడలేక ఇంట్లో ఫోను కూడా ఆపేశారు. మరిది తెల్లారి లేస్తే అన్న కోసం సాయం అడుగుతూ ఎవరో ఒకరి గుమ్మం దగ్గరే ఉంటున్నాడు. ఆమె చేతనైనది ఆమె చేస్తోంది. ముద్ద ముట్టని మనిషి కాఫీ ఒక్కటే పుచ్చుకుంటున్నాడు. మంచి కాఫీ గొంతు దిగితే మాట పైకొస్తుందని ఆమె ఆశ. అందుకే ఈ ఫ్రెంచ్ ప్రెస్సు కొంది. దానితో వేగలేక నిన్ననే దుకాణానికి వెళ్ళి పోట్లాడి వచ్చింది.

"మనిషిని పంపిస్తాంలెండి," అన్నాడు దుకాణం వాడు.

గోడ తుడుస్తూండగా తలుపు చప్పుడైంది.

భుజాన సంచీ, దుమ్ము పట్టిన చెప్పులు, నడివయసు మనిషి.

"ప్రెస్సండీ," అన్నాడు.

"రండి రండి. మీ కోసమే కళ్ళు కాయలు కాశాయి."

"ఇంత మర్యాదగా లోపలికి పిలిచినవాళ్ళు ఈ మధ్య లేరమ్మా."

కుర్చీ అంచున కూర్చుని, "ఏం జరిగిందో చెప్పండి," అన్నాడు.

"ఏముంది, పట్టు ఆగలేదు. పైనుంచి ఒక్కసారిగా కిందికి జారిపోయింది."

"ముందెప్పుడైనా జారిందా?"

"జారకేం? చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. వినేవాడేడీ?"

"ఎవరితో చెప్పారు?"

"కౌంటరు దగ్గర కూర్చుంటాడే, ఆ బట్టతలాయనతో."

ఆ మనిషి తలెత్తాడు. ఆమె కూజా తెచ్చి చేతిలో పెట్టింది.

ఆయన కూజాను చూశాడు. ఆమెను చూశాడు. మూసి ఉన్న గది తలుపును చూశాడు.

"మీరు చెప్పేది దీని గురించా అమ్మా?"

"మరి దేని గురించి?"

ఆయన సంచీ పక్కన పెట్టి చొక్కా చేతులు మడిచాడు.

జల్లెడ బిళ్ళ తిరగబడి ఉంది. విప్పి, సరిచేసి బిగించాడు. డబ్బాలో పొడి వేళ్ళతో నలిపి చూశాడు.

"మరీ మెత్తన. జల్లెడలోంచి పైకొచ్చేస్తోంది. బరకగా ఉండాలి."

"ముతక ఇసుకలాగానా?"

"అంతే. మా ఆఫీసులోనూ మొదట్లో అందరం బురదే తాగాం."

ఆమె గింజలు తీసి కచ్చాపచ్చాగా దంచింది. మరిగిన నీళ్ళు దించి, తెర్లడం ఆగాక పోసింది. పైకి తేలిన పొడిని చెంచాతో ఒకసారి కలిపి మూతపెట్టింది.

"వెంటనే నొక్కకండి. కాసేపు ఆగాలి."

"ఆగడమనేది మా ఇంటా వంటా లేదండీ."

ఆయన గది వైపు చూశాడు. "వారితో ఒక్క మాట మాట్లాడొచ్చా?"

"ఆయన ఎవరితోనూ మాట్లాడరు."

"పోనీ మీరే చెప్పండి. నేను వింటాను."

అరిగిన బ్రేకు, కునుకు తీశాడన్న నింద, అంతా ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. రిపేరుకొచ్చిన మనిషితో ఇంటిగుట్టు చెప్పుకోవడమేమిటని మింగేసింది. విని మాత్రం పాపం ఏం చేస్తాడు?

"మా గొడవలు మీకెందుకులెండి. మీ పని మీరు చూసుకోండి."

"సరేనమ్మా."

అరచెయ్యి ఆనించి మెల్లగా నొక్కమన్నాడు. ప్లంజరు బుద్ధిగా దిగింది. అడుగున కాస్త వదిలేసి ఒంపింది. నలుసు లేదు. ఆయనకూ ఒక గ్లాసు ఇచ్చింది. నిలబడే తాగాడు.

"ఎంతివ్వమంటారు?"

"మేం తీసుకోకూడదమ్మా. మధ్యాహ్నం దాకా ఊళ్ళోనే ఉంటాను. కావాలంటే కబురు పెట్టండి."

"మళ్ళీ పాడైతే కదా."

ఆయన సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

గదిలో భర్త గ్లాసు ఖాళీ చేసి, "ఇంకొంచెం ఉందా?" అన్నాడు. రెండో గ్లాసుకు లేచి కూర్చున్నాడు.

"నేను నిద్రపోలేదే."

"నాకు తెలుసు."

"లివరు లాగిపట్టుకునే ఉన్నాను. బ్రేకు పట్టలేదు. అంతకుముందే సూపర్‌వైజర్ని పైకి తీసుకెళ్ళి చూపించాను కూడా. ఎవరైనా వచ్చి అడిగితే మొదట్నుంచీ చెబుతాను."

ఆమె ఖాళీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడింది.

సాయంత్రం మరిది వచ్చాడు. గుమ్మంలోంచే అడిగాడు.

"వదినా, పొద్దున వచ్చిన మనిషి సంగతేమిటి?"

"ప్రెస్సాయనా? బంగారంలాంటి మనిషి. పైసా ముట్టకుండా బాగుచేసి వెళ్ళాడు. మీ అన్నయ్య లేచి కూర్చున్నారు, మాట్లాడుతున్నారు. ఉండు, నీకూ కాఫీ ఇస్తాను."

"ఏం బాగుచేశాడు?"

ఆమె కూజా ఎత్తి చూపించింది.

మరిది ఆమె చేతిలోంచి కూజా తీసి పక్కన పెట్టేశాడు.

"ఆయన దుకాణం మనిషి కాదు వదినా, నేను కాళ్ళు పట్టుకుని పంపించిన పేపరు విలేకరి, ఇంటివాళ్ళే నోరు విప్పనప్పుడు కంపెనీ మాటే అచ్చవుతుందని చెప్పి, మధ్యాహ్నం బండెక్కేశాడు."