దస్తగీర్ నోటుబుక్కు

“నిజాం సర్కారు ఎట్ల నడుస్తదో చెప్పే తెలుగు పుస్తకమేదన్న ఉన్నదా?”

ఛత్రినాక బడిపంతులు వామన్‌రావు గిట్ల అడిగిండో లేదో, లైబ్రరీల ఓ మూలకు కూసున్న ఖుఫియా పోలీసు దస్తగీర్ పంతులు పేరు నోటుబుక్కుల ఎక్కించిండు. దస్తగీర్ చాటుంగ నిఘా పెట్టే ఖుఫియా అని లైబ్రరీ పిల్లికి గూడ ఎరుకే.

పుస్తకం లేదని లైబ్రేరియన్ అనంగనే వామన్‌రావు సీదా దస్తగీర్ దగ్గరికే వచ్చిండు.

“దస్తగీర్ భాయ్, ఎవరేం అడిగిన్రో ఆరేండ్లసంది రాస్తున్నవు గద. ఈ పుస్తకం ఎవరికన్న దొరికిందా?”

దస్తగీర్ ఓపికగ పేజీలు తిప్పిండు. “నీతోని నలభై ముగ్గురు అడిగిన్రు పంతులూ. ఒక్కరికి గూడ దొరకలే.”

“పోనీ, నువ్వు సర్కారు నౌకరివే గద. నువ్వన్న చెప్పు, ఎట్ల నడుస్తది?”

దస్తగీర్ నోటుబుక్కు దిక్కు చూసిండు. రాయమన్నరు, రాసిండు. ఎందుకని ఎన్నడన్న అడిగితే గద!

అటూ ఇటూ చూసి, నలభై నాలుగో పేరు తనదే రాసుకున్నడు.