ఖాళీలతో సహా

తాళి కట్టినవాడి మీద చాడీలు చెప్పకూడదంటారు గానీ, పార్వతి మొగుడు ఉమామహేశ్వర్లుకు ఒక జబ్బుంది. ఎవరు కంప్యూటర్ మాట పలికినా పట్టుకుని దిద్దుతాడు.

మార్కాపురంలో కంప్యూటర్లను వేళ్ల మీద లెక్కపెట్టే రోజులవి. అందులో ఒకటి వీళ్ల ముందుగదిలోనే ఉండేసరికి, ఆ జబ్బుకు మందు లేకుండా పోయింది.

"జీ ఆర్ ఈ పీ కాదు, గ్రెప్. వై కాదు, వీ ఐ," అని కంప్యూటర్ కోచింగ్‌కొచ్చే పిల్లల్ని నిలబెట్టి మరీ పలికించేవాడు.

ఒక పిల్ల 'వీ ఐ'ని రోమన్ అంకె అనుకుని "ఆరు" అని చదివితే, ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

ఆ శుక్రవారం మాత్రం ఎవర్నీ దిద్దే ఓపిక లేదు.

చుట్టుపక్కల మండలాల పదో తరగతి పిల్లలు పదకొండు వందల నలభై మంది వివరాలు మిషన్లో ఉన్నాయి. పార్వతి ఇరవై రెండు రోజులు కూర్చుని కొట్టింది. వాటిని టేపు మీదికి ఎక్కించి, నాలుగు గంటల బస్సుకు ఒంగోలు పంపాలి. ఇవాళే ఆఖరు. టేపు అందకపోతే హాల్ టిక్కెట్లు రావు.

టేపు తీసుకుపోను విద్యాశాఖ ఆఫీసు నుంచి వచ్చిన పుల్లారావు గుమ్మంలో నిలబడి మాటిమాటికీ వాచీ చూస్తున్నాడు.

మిషన్ మొండికేసింది. లోపల చోటు లేదంటోంది.

"పేరు చివర డాట్ ఓల్డ్ ఉన్న పాత ఫైళ్లన్నీ తీసెయ్," అన్నాడు ఉమామహేశ్వర్లు.

పార్వతి తీసెయ్యమనే కమాండు, ఆర్ఎం, గబగబా కొట్టింది.

"అమ్మాయ్, ఎంటర్ నొక్కబాకు!"

అన్నది బెంచీ మీద కూర్చున్న పెద్దాయన. మనవరాలి పేరు తప్పుల్లేకుండా పడిందో లేదో చూసుకుందామని పొద్దున్నే తర్లుపాడు నుంచి వచ్చాడు. పంచె అంచుకు పలకరాళ్ల గనుల దుమ్ము.

"ముందు పైకి చదువు తల్లీ."

"ఆర్ఎం, స్టార్, డాట్ ఓల్డ్."

"అట్ల గాదమ్మా. ఎట్ల కొట్టినావో అట్ల చదువు. ఖాళీలతో సహా. ఆర్, ఎం, ఖాళీ, నక్షత్రం... ఆ తర్వాత ఏముంది?"

ఉమామహేశ్వర్లుకు జబ్బు తిరగబెట్టింది.

"నక్షత్రమా! తిథీ వారం గూడా చెప్పమంటావా తాతా?"

పుల్లారావు కిసుక్కున నవ్వాడు.

"దాన్ని స్టార్ అంటారు. ఖాళీని ఎవరన్నా చదువుతారా ఏందీ?"

"ఖాళీ గూడా అచ్చరమే నాయనా. కనపడదు, అంతే."

"సరే, నీ మనవరాలి పేరు నేను చూస్తాలే. నువ్వు లెయ్. ఏసీ గది, దుమ్ము పడగూడదు."

రెక్క పట్టుకుని గడప దాటించాడు. పెద్దాయన చెప్పులేసుకుంటూ పార్వతి వైపు చూసి, "చదివినాకనే నొక్కు తల్లీ," అన్నాడు.

పార్వతి తెర మీదికి వంగింది. ఆర్. ఎం. ఖాళీ. నక్షత్రం.

ఆ తర్వాతది పలికేలోపే ఉమామహేశ్వర్లు వెనకనుంచి చెయ్యి చాపి ఎంటర్ నొక్కేశాడు.

మిషన్ గరగరమంది. చాలాసేపు గరగరమంది. ఆఖరికి ఒక్క వరుస రాసింది.

"ఏమంటాది?"

"డాట్ ఓల్డ్ అనే ఫైలే లేదంటోంది."

"లేకపోతే మరీ మంచిది. టేపు ఎక్కించు."

"అది లేకపోతే... ఇంతసేపూ ఏం తీసేసిందండీ?"

పార్వతి ఫైళ్ల పట్టీ చూపించమని కొట్టింది. తెర మీద ఏమీ రాలేదు.

నక్షత్రానికి ఆనుకుని డాట్ ఓల్డ్ ఉంటే, పాతవన్నీ అని. నడుమ ఖాళీ పడితే, ఉన్నవన్నీ అని. టైపు ఇన్‌స్టిట్యూట్లో 'గుర్తు పడగానే బొటనవేలితో ఖాళీ' అని స్కేలుతో కొట్టి నేర్పారు పార్వతికి. బొటనవేలు ఆ పాఠం మర్చిపోలేదు.

తర్వాతి గంటసేపు ఉమామహేశ్వర్లు తెలిసిన కమాండల్లా కొట్టాడు. మిషన్ ఆపాడు, వేశాడు. పాత ఫ్లాపీలన్నీ ఎక్కించాడు. ఏసీ గదిలో చొక్కా తడిసిపోయింది.

"సారూ, మూడున్నరాయె," అన్నాడు పుల్లారావు. ఇప్పుడు నవ్వు లేదు. "మా చిన్నమ్మి పేరు గూడా అందులోనే ఉండాది."

చివరికి మిషన్ అమ్మిన హైదరాబాదు కంపెనీకి ఫోన్ కలిపారు.

"అవును సార్... లేదు సార్, పైకి చదవలేదు."

పార్వతి మొగుడి ముఖమే చూస్తోంది.

"ఖాళీలతో సహానా?... మీ దగ్గర అది రూలా సార్?... ఎవరు పెట్టినారు?"

అవతల చాలాసేపు చెప్తున్నారు. ఉమామహేశ్వర్లు ఫోన్ కింద పెట్టి, ఆశ చావక బస్టాండు వైపు పరుగెత్తాడు.

"ఏమండీ, చెప్పులు!" అంది పార్వతి. వినిపించుకోలేదు.

పావుగంటకు రొప్పుతూ వచ్చాడు.

"బస్సు పోయి గంటయిందంట."

"ఏ బస్సండీ? ఒంగోలుది నాలుగింటికి గదా? కంపెనీవాళ్లు ఏమన్నారు?"

"మిషన్ను అట్లనే వదిలేసి ఉంటే చాలావరకు దొరికేవంట. నేను కెలికినాక ఇంక ఎవరి వల్లా గాదంట."

పుల్లారావు గడప మీద కూలబడ్డాడు. "ఫారాలు మా ఆఫీసులోనే ఉండాయి. కాళ్లావేళ్లా పడితే రెండ్రోజులు గడువిస్తారేమో. ఇరవై రెండు రోజుల పని రెండ్రోజుల్లో అయితాదా అమ్మా?"

పార్వతి మొగుడి వైపు చూసింది.

ఉమామహేశ్వర్లు తలెత్తలేదు. పన్నెండేళ్ల కాపురంలో ఆమె ఎన్నడూ వినని మాట ఆ నోట్లోంచి వచ్చింది.

"తప్పు నాదే పార్వతీ... ఆ కంపెనీలో అందరికీ పని నేర్పి రిటైరైనాయన, ఇట్ల పోయిన ఫైళ్లను వెనక్కి తేగలిగిన ఒకే ఒక్క మనిషి, తర్లుపాడు విశ్వాసం గారంట. ఇందాక నేను రెక్క పట్టి గడప దాటించింది ఆయన్నే."