పన్నెండో కత్తి

“ఇది పనికిరాదు సారూ,” అని ఆదెయ్య ఆరో కత్తిని కూడా పక్కకు పెట్టాడు.

పందిరి కింద నులకమంచం మీద పరిచిన గుడ్డపై మొత్తం పదకొండు, గొర్రెలు కోసే వేటకత్తులున్నాయి. ఒక్కటీ మడత కత్తి కాదు. అన్నీ జానెడు పొడవున కోసే అలుగు ఉన్నవే, పిడిలో గట్టిగా బిగిసినవే. వాటిని తెచ్చిన వినయ్ కుమార్ మార్కాపురంలో లెక్కల మాస్టారు. కత్తులు సేకరించడం తనకో పిచ్చి అన్నాడు. గిద్దలూరు నుంచి కొనకనమిట్ల దాకా గొర్రెల కాపరులను అడిగి అడిగి తెచ్చుకున్నానన్నాడు. కత్తిని ఎంచడంలో పెద్దదోర్నాల చుట్టుపక్కల ఆదెయ్యను మించినవాడు లేడని నలుగురూ చెబితే ఆటో మాట్లాడుకుని వచ్చాడట.

“ఎందుకు పనికిరాదు మామా?”

ఆదెయ్య కత్తిని చూపుడువేలి మీద అడ్డంగా నిలిపాడు. అది మొన వైపు ఒరిగిపోయింది. తూకం కుదరని కత్తితో రెండు గొర్రెలు కోసేసరికే మణికట్టు పట్టేస్తుందన్నాడు. ఏడోదాన్ని గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకున్నాడు. లోపల పగులుందన్నాడు. మాస్టారు కళ్లద్దాలు సర్దుకుని ఎంత వెతికినా పగులు కనిపించలేదు. ఆదెయ్య పిడికి చుట్టిన తీగ విప్పి, చెక్క తీసి చూపించాడు. లోపలి ఇనుము మీద వెంట్రుకంత చీలిక ఉంది.

మాస్టారు ఆ చీలికను గోటితో తడిమి చూశాడు.

తొమ్మిదోదాన్ని మాత్రం ఆదెయ్య ఇష్టంగా చేతిలోకి తీసుకున్నాడు. “ఇది కత్తి. లారీ కమాను పట్టీతో చేసినారు. ఇనుము పిడి చివరిదాకా ఏకంగా పోయింది. దీన్ని సాగగొట్టినోడిది ఎడమచేతి వాటం.”

అది నిజమే. గిద్దలూరు దగ్గర ఆ కమ్మరిని మాస్టారు కళ్లారా చూశాడు. సుత్తి దెబ్బలు ఎటు వాలాయో వేలితో తడిమే ఈ ముసలాయన ఆ సంగతి చెప్పేశాడు. పదమూడేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన మాస్టారు ఇప్పుడు తనే పిల్లవాడిలా కుడి కాలు వంచకుండానే మంచం అంచుకు జరిగి కూర్చున్నాడు.

ఆదెయ్యకు మాత్రం ఒక అనుమానం మొదలైంది. సరదాగా పోగేసేవాడు రకరకాలవి పోగేస్తాడు. ఇతని దగ్గర ఉన్నవన్నీ ఒకే తీరువి. ఆ మాటే అడిగాడు.

“ఇట్లాంటిది ఒకటి చూసినాను మామా. మళ్లీ అట్లాంటిది దొరకలేదు,” అన్నాడు మాస్టారు. “నీ కత్తి చూపిస్తావా?”

తనకు కత్తే లేదన్నాడు ఆదెయ్య. అప్పుడే మజ్జిగ తెచ్చిన రోశమ్మ, దూలం మీద ఉన్నదేందని భర్తనే అడిగింది. పందొమ్మిదేళ్లుగా ప్రతి అమావాస్యకూ దించి నూనె రాస్తాడనీ, దాంతో ఉల్లిపాయ కూడా కోయనివ్వడనీ మాస్టారికి చెప్పింది.

ఆదెయ్య ఇక తప్పించుకోలేకపోయాడు. లోపలికి వెళ్లి తోలు ఒరతో సహా తెచ్చాడు.

మాస్టారు దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. వెన్ను మందంగా ఉంది, మొన కొంచెం పైకి లేచి ఉంది. అంచు ఎంత సన్నగా ఉందంటే ఎండలో అది ఎక్కడ ఆగిందో తెలియడం లేదు. చూపుడువేలి మీద నిలిపితే కదలకుండా నిలబడింది. ఆయన ఊపిరికి అలుగు మీద మసక కమ్మి, చూస్తుండగానే విడిపోయింది.

“దీంతో ఆఖరున కోసింది ఏంది మామా?”

ఆదెయ్య కత్తి కోసం చెయ్యి చాచాడు.

“ఎక్కడ కోసినావు? ఘాట్ రోడ్డులోనా?”

ఆదెయ్య చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రోశమ్మను లోపలికి పొమ్మన్నాడు. ఆమె కదలలేదు.

“నువ్వు మాస్టారువి కాదులే సారూ,” అన్నాడు మెల్లగా. “పోలీసోళ్లు ఎప్పుడో ఒకనాడు వస్తారని నాకు తెలుసు.”

తర్వాత అడగకుండానే అంతా చెప్పాడు. పందొమ్మిదేళ్ల కిందట ఒక రోజు శ్రీశైలం పోయే జీపు ఒకటి ఘాట్‌లో లోయలోకి దొర్లింది. అక్కడ గొర్రెలు మేపుతున్న తను పరుగెత్తాడు. నలుగురిని బయటికి లాగాడు. ఐదోవాడు ఇరవై ఏళ్ల కుర్రాడు. ముఖమంతా దుమ్ము, నెత్తురు. కుడి కాలు ఇంజను కింద నలిగి ఇరుక్కుపోయింది. మంటలు లేచాయి. ఎంత లాగినా రాలేదు. మంట సీటుకు అంటుకుంది. అప్పుడు తలగుడ్డ విప్పి ఆ కాలికి తొడ దగ్గర బిగించి కట్టాడు. గొర్రెను కోసేటప్పుడు ఎముకకు తగలకుండా కీలు ఎట్లా వెతుక్కుంటాడో అట్లాగే మోకాలి కీలు వెతికి కోశాడు. కుర్రాడిని భుజాన వేసుకుని రోడ్డెక్కి, వస్తున్న వ్యానులో పడుకోబెట్టాడు. కాలు ఎవరు నరికారని డ్రైవరు అరిచేసరికి భయపడి అడవిలోకి పారిపోయాడు.

రోశమ్మ పందిరి గుంజ పట్టుకుని నిలబడిపోయింది. ఇన్నేళ్లలో ఈ సంగతి ఆమెకూ తెలియదు.

“కోసేటప్పుడు ఆ పిల్లోడు నా చేతిలో కత్తినే చూస్తా ఉన్నాడు,” అన్నాడు ఆదెయ్య. “బతికినాడో పోయినాడో తెలియదు. అడగడానికి భయం. నేనే చంపినానేమో. తీసుకుపోతానంటే వస్తా సారూ.”

మాస్టారు కత్తిని జాగ్రత్తగా ఒరలో పెట్టాడు. లేచి నిలబడి, ముసలాయన చేతులు రెండూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. అవి తడిశాయి. ఆదెయ్య అర్థం కాక వెనక్కి లాక్కోబోయాడు. మాస్టారు వదల్లేదు.

“ఆ కాలు నాది మామా.”