ఎరుపుకి ఎరుపు

"సౌండు ఇంకా పెంచు," అన్నాడు లాసెల్స్.

"వద్దు నాన్నా, కాలిపోతుంది!" అయోనీ చెయ్యి అడ్డం పెట్టింది.

పొద్దు వాలితే స్పీకర్ పెట్టెలతో పాటల పోటీ. కింగ్‌స్టన్‌లో సగంమంది వస్తారు. తాత చేసిన బాస్ పెట్టె మాత్రం జలుబు చేసినట్టు మూలుగుతోంది. అందులోని రెండు స్పీకర్లలో ఒకటి పోతే, నిన్న కొత్తది బిగించింది అయోనీయే. మిగిలిన పాతదాన్ని తనే చంపేసిందేమోనని ఆమె బెంగ.

"ఏం చేశావే దాన్ని?"

"ఎరుపుకి ఎరుపు తీగ, నలుపుకి నలుపు తీగ. చూసుకునే కలిపాను, ఒట్టు!"

లాసెల్స్ టార్చి బ్యాటరీ తీశాడు. చేతులు వణికి రెండుసార్లు జారింది. కోపమేమోనని అయోనీ వెనక్కి జరిగింది.

పెట్టె తీగలకి బ్యాటరీ ఆనించగానే కొత్త స్పీకర్ ముందుకు ఉబికింది. పాతది కదిలింది కానీ, లోపలికి.

"బతికే ఉంది!"

"ఉండి కొత్తదానితో పోట్లాడుతోంది. ఇది గాలిని తోస్తుంటే అది లాగేస్తోంది. ఆ కాలం స్పీకర్లలో ఈ రకానికి ఎరుపు గుర్తు తిరగేసి ఉంటుంది. నేనే చెప్పలేదు. కొత్తదాని తీగలు మార్చు."

"నువ్వే మార్చు నాన్నా. నాకు భయం."

ఆయన చేతులు చాపి చూపించాడు. "కోపం కాదే ఇది. ఆరు నెలలుగా ఇంతే. అందుకే నిన్న నీకు అప్పజెప్పాను."

అయోనీ తీగలు మార్చి, పాట పెట్టింది.

రేకుల కంచె గడగడలాడింది. నేల అదిరింది. లాసెల్స్ రెండు చేతులూ పెట్టె మీద ఆనించాడు. అన్నీ వణుకుతున్న ఆ చోట, ఆ చేతుల వణుకు వేరుగా కనబడలేదు.

అయోనీ ఇంకాస్త పెంచింది.